ఊడివచ్చే జిగురు

తెల్లారితే హైమవతికి రాష్ట్ర విలువిద్య జట్టు ఎంపిక పోటీ. కలకత్తా నుంచి కొత్తగా తెప్పించిన కార్బన్ బాణాల కొసల్లో, ములుకులు బిగించే చిన్న లోహపు ఇన్సర్టులను అతికించాలి. పర్సుడీహ్ ఇంటి వరండాలో కూర్చుని, తండ్రి నాగేంద్రబాబు ఆరల్డైట్ జిగురు ట్యూబుల మూతలు తీశాడు.

"అది వద్దు నాన్నా. వేడికి కరిగే జిగురు పెడదాం," అంది హైమవతి.

"అదేటే, ఎండకి వదిలీదూ? ఇదైతే జన్మలో ఊడదు."

"ఊడాలి నాన్నా."

ఉక్కు ప్లాంటులో ఏళ్ల తరబడి వెల్డింగు చేస్తున్న నాగేంద్రబాబుకు నవ్వొచ్చింది. "ఊడిపోడానికి ఎవులైనా అతికిత్తారా?"

హైమవతి ఎడమ భుజాన్ని పట్టుకుంది.

"ఇక విల్లు ముట్టుకోవద్దని బిష్టుపూర్ డాక్టరు పోయిన నెలే చెప్పీసాడు. రేపు నువ్వు చూత్తానని సెలవెట్టీసావు కదా, అందుకే వెళ్తన్నాను. తరవాత ఈ బాణాలు సిద్ధగోరాలో నాతో పాటు నేర్చుకుంటన్న పిల్లకి ఇచ్చేద్దాం. తన చేతి పొడవుకి సరిపడా బాణం కొయ్యాలంటే ఇన్సర్టు బయటికి రావాలి."

నాగేంద్రబాబు ఆమె భుజం వైపు చూడలేకపోయాడు. ట్యూబులకు మూతలు పెట్టేశాడు. లోపలి నుంచి కొవ్వొత్తి తెచ్చి, వెలిగించి, జిగురు కడ్డీని మంటకు చూపించాడు.

"ఆ పిల్ల నీకన్నా పొట్టా?" అనడిగాడు.

"అవును నాన్నా."

"అయితే పల్చగానే రాత్తాను," అన్నాడు. "రేపొక్క పూట నిలబడితే చాల్లే."