పాప కోసం రంగులు

"ఎవరికి సార్ ఇవన్నీ?" అని అడిగాడు దుకాణం నడిపే ఏలీయా.

కౌంటర్ మీద రెండు గులాబీ రంగు టేపు చుట్టలు, ఒక బ్రష్ పెన్నుల డబ్బా, చుక్కల పేజీల నోటుబుక్కు ఉన్నాయి. శ్రీశైలం మెడలో పటాన్‌చెరు ఫ్యాక్టరీ ఐడీ కార్డు ఇంకా వేలాడుతూనే ఉంది. వేళ్ల సందుల్లో గ్రీజు మరకలు.

"మా పాపకు," అన్నాడు.

శ్రీశైలానికి పాప లేదు. ఉన్నది ఒక్క కొడుకు. ఇంటర్ చదువుతున్నాడు. పెన్సిలు పట్టమంటే పారిపోయే రకం. రోజువారీ లెక్కల పుస్తకాన్ని బొమ్మలతో, రంగులతో నింపే ఈ బుల్లెట్ జర్నల్ పిచ్చి శ్రీశైలానిదే. రోజూ చేయాల్సిన పనులు, వేసుకున్న బీపీ మాత్రలు, నిద్రపోయిన గంటలు ఒక పుస్తకంలో రాసుకోమని డాక్టర్ చెప్పాడు. రాసుకున్నాడు. పేజీ బోసిగా ఉందని అంచున ఒక తీగ గీశాడు. తీగకు పూలు వేశాడు. ఇక ఆగలేకపోయాడు.

షిఫ్ట్ ఇంచార్జి పూలతీగలు గీస్తాడని తెలిస్తే ఫ్యాక్టరీలో ఎవడూ మాట వినడు. ఇంట్లో కూడా చెప్పలేదు. గది తలుపు దగ్గరగా వేసుకుని, కంపెనీ పని అని భార్యకు చెప్పి గీసుకునేవాడు.

సంగారెడ్డిలో ఈ సామాను దొరికేది ఏలీయా దుకాణంలోనే. వెళ్లక తప్పేది కాదు. వెళ్లినప్పుడల్లా అబద్ధం కాస్త పెరిగేది. పాపకు తనుశ్రీ అని పేరు వచ్చింది. తర్వాత ఎనిమిదో తరగతి కూడా వచ్చింది.

ఒకసారి పాపకు కొత్తగా ఏమీ తోచడం లేదని చెప్పుకున్నాడు. నిజానికి శ్రీశైలానికే చేయి ఆడటం లేదు. ఫోన్‌లో చూసి గీసిన బొమ్మలన్నీ ఎవరివో లాగా కనిపిస్తున్నాయి. ఏలీయా తన బిడ్డ క్యాథరిన్‌కూ ఇదే పిచ్చి అనీ, అడిగి చెప్తాననీ అన్నాడు.

మళ్లీ వెళ్లేసరికి జవాబు సిద్ధంగా ఉంది.

"ఫోన్ పక్కకు పెట్టమన్నది సార్. ముత్తంగి కాడ లారీలు ఆగుతయి గదా, వాటి ఎనక డోర్లు సూడమన్నది. ఆ తామర పూలు, ఆ చిలుకలు, ఆ రంగులు ఏ ఫోన్ల దొరుకుతయి?"

మర్నాడు డ్యూటీ అయ్యాక ఇంటికి వస్తూ శ్రీశైలం ముత్తంగిలోనే బస్సు దిగాడు. లారీల వెనక తిరుగుతుంటే ఒక డ్రైవర్ దొంగ అనుకుని హిందీలో గద్దించాడు. అయినా ఆ నెల పేజీ చుట్టూ లారీ బొమ్మల అంచు పూసింది. ఫొటో తీసి చూపిస్తే ఏలీయా చాలాసేపు చూశాడు. క్యాథరిన్ గీసిందంటూ తన ఫోన్‌లో ఒక పేజీ చూపించాడు. తుప్పు పట్టిన ఇనుప డ్రమ్ము మీద లేచిన పెచ్చులు, ఒక్కో పెచ్చులో ఒక్కో వారం. అంత బాగా శ్రీశైలం ఎప్పుడూ గీయలేదు.

అప్పటి నుంచి తనుశ్రీ పేజీలు అటు వెళ్లేవి, క్యాథరిన్ సలహాలు ఇటు వచ్చేవి.

ఒక శనివారం దుకాణంలో ఒకామె, ఆమె కూతురు ఉన్నారు. ఏలీయా హుషారుగా శ్రీశైలం ఫోన్ తీసుకుని వాళ్లకు పేజీలు చూపించాడు. ఈ సార్ బిడ్డ గీసిందనీ, ఎనిమిదో తరగతేననీ చెప్పాడు. తల్లి కూతురి వైపు తిరిగింది.

"సూడు, నీ తోటిదే. నీకు ఒక్క గీత సక్కగ రాదు."

ఆ పిల్ల చేతిలోని స్కెచ్ పెన్నుల ప్యాకెట్‌ను మెల్లగా కౌంటర్ మీద పెట్టేసింది. తల దించుకుని బయటికి నడిచింది.

శ్రీశైలానికి చెవులు వేడెక్కాయి. లేని పిల్లను చూపించి ఉన్న పిల్లను చిన్నబుచ్చాడు. వెనక్కి పిలిచి నిజం చెప్పాలనుకున్నాడు. గడప దాకా వెళ్లి ఆగిపోయాడు. తల్లీకూతుళ్లు ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

ఆ తర్వాత పుస్తకం తెరవబుద్ధి కాలేదు. తెరిస్తే ఆ పిల్ల దించుకున్న తలే కనబడేది. చివరికి ఒక మధ్యాహ్నం, దుకాణంలో ఎవరూ లేని వేళ చూసుకుని వెళ్లాడు. ఏలీయా ముఖం చూడలేక కౌంటర్ అద్దం వైపు చూస్తూ చెప్పాడు.

"నాకు బిడ్డ లేదు ఏలీయన్నా. గవన్నీ నేనే గీసిన. సిగ్గయి చెప్పలే. ఆ పిల్ల మళ్ల వస్తే జెర చెప్పు, అవి నా అసుంటి పెద్దోడు గీసినవని."

ఏలీయా నవ్వుతాడనుకున్నాడు. లేదా తిడతాడనుకున్నాడు. బంగారం లాంటి బిడ్డ ఉన్న తండ్రితో ఇన్నాళ్లు బొంకానన్న బాధ మరోవైపు. క్యాథరిన్‌కు కూడా తన తరఫున తప్పైందని చెప్పమని బతిమాలాడు.

ఏలీయా ముఖం ఎర్రబడింది. వీధి వైపు ఒకసారి చూసి, ఎవరూ రావడం లేదని తేల్చుకుని, గొంతు తగ్గించాడు.

"నాకు గూడ బిడ్డ లేదు సార్, ఇద్దరూ కొడుకులే."