ఆగి చూసినవాళ్లు

మొదటి పోస్టర్ ముందు పది రోజుల్లో ఒక్కరూ నిలబడలేదు. అందులో ఏం తక్కువ? హీరో, హీరోయిన్, విలన్, మంటలు, హెలికాప్టర్, అన్నీ ఉన్నాయి. ఆ ఇరుకులో సినిమా పేరుకే చోటు చాలలేదు.

“ఇంకొక్క అవకాశం అమ్మాయ్,” అన్నాడు నిర్మాత, డిజైనర్‌తో. “ఈసారీ జనం ఆగకపోతే పని మా బావమరిదికి ఇచ్చేస్తా.”

బావమరిది పక్కనే కూర్చుని గోళ్లు చూసుకుంటున్నాడు.

డిజైనర్ వారం రోజులు తిండి మీద ధ్యాస లేకుండా కూర్చుంది. మంటలు ఆర్పేసింది. హెలికాప్టర్‌ని సాగనంపింది. పోస్టరంతా కటిక నలుపు, అడుగున ఓ మూల బొటనవేలంత హీరో. అంతే.

“హీరో ఏడీ?” అని వెతుక్కున్నాడు బావమరిది.

శనివారం మ్యాట్నీ, ఇంటర్వెల్. థియేటర్ లాబీలో అద్దం బిగించిన చట్రంలో కొత్త పోస్టర్ పెట్టించి, ఎదురుగా స్తంభం చాటున ముగ్గురూ చేరారు. అడిగితే ఎవరైనా మొహమాటానికి బాగుందనే అంటారు కాబట్టి, అడక్కుండా దూరంనుంచి చూడటం నిర్మాత పద్ధతి. ఆగినవాళ్లని లెక్కపెట్టే కాగితం డిజైనర్ చేతిలో ఉంది.

ఒకావిడ దాటిపోబోయి ఆగింది. దగ్గరికెళ్లి తేరిపార చూసి, చేతిరుమాలుతో కళ్ల కొసలు ఒత్తుకుంది.

“ఏడిపించేశావు కదమ్మా,” అని గొణిగాడు నిర్మాత.

తర్వాత ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఒకరినొకరు తోసుకుంటూ, మెడలు అటూ ఇటూ వంచి చూశారు. ముసిముసిగా నవ్వుకుంటూ వెళ్లారు. ఒక సన్నపాటి మనిషి ఊరికే చూసి ఊరుకోలేదు, ఛాతీ విరిచి నిలబడ్డాడు.

“హీరో పూనాడు వీడికి,” అన్నాడు నిర్మాత.

బెల్లు కొట్టినా ఒక లావుపాటాయన మాత్రం కదల్లేదు. పోస్టర్‌కి మూరెడు దూరంలో నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు.

కాగితం మీద గీతలు నలభై దాటాయి. డిజైనర్‌కి ఏడుపొకటే తక్కువ, అంత సంతోషం. వారం రోజుల ఆకలి ఇప్పుడు తెలిసొచ్చింది. బావమరిది మొహం మాడిపోయింది.

“రాబోయే మూడు సినిమాలూ నీవే,” అన్నాడు నిర్మాత. ఉబ్బితబ్బిబ్బై, తన పద్ధతి తానే మరిచి, చరచరా వెళ్లి లావుపాటాయన భుజం తట్టాడు. “ఇందులో మీకు అంతగా ఏం నచ్చిందండీ?”

“అద్దం వెనక అంతా నలుపే కదండీ, పంట్లో ఇరుక్కున్న పాప్‌కార్న్ ఇట్టే కనబడిపోయింది.”