మధ్యలో దెబ్బ ఏది?

లారీ మూడోసారి రిపేరు షెడ్డుకి తిరిగొచ్చేసరికి కున్‌హాన్‌కి ఒళ్ళు మండింది.

"సెన్సరు మార్చానుగా అక్కా. ఒకసారి కాదు, రెండుసార్లు మార్చాను."

"మార్చావు. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది, తెల్లపొగ వస్తూనే ఉంది" అంది బీలియన్, డ్రైవరు సీట్లోంచి దిగకుండానే. "ఐదింటికి రేవులో చేపల పడవ దగ్గర బండి పెట్టాలి. పెట్టకపోతే ఈ ఏడాది సరుకంతా ఇంకొకడికి పోతుంది. ఈ బండి తప్ప నాకింకేం లేదు తమ్ముడూ."

కున్‌హాన్ కంప్యూటరు తగిలించాడు. మళ్ళీ అదే గొడవ. కింద క్రాంకుషాఫ్టు ఒక లెక్క చెబుతోంది, పైన వాల్వులు తెరిచే క్యాంషాఫ్టు ఇంకో లెక్క చెబుతోంది. కలిసి తిరగాల్సినవి కలవడం లేదు.

"సెన్సర్లే దొంగ సరుకు" అని అవి అమ్మినవాణ్ణి వాడి తాతతో సహా తిట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నాడట వెనకటికొకడు.

గుమ్మంలో ఒక ముసలాయన నిలబడి తలెత్తి బోర్డు చూస్తున్నాడు. చేతిలో పేపరు చుట్టిన పొట్లం ఉంది.

బోర్డు మీద 'చిన్‌ఫా' అని రెండే అక్షరాలు. ముందుకి సాగి వర్ధిల్లమని అర్థం. కావోషుంగ్ రేవులో సగం షాపులకి ఇలాంటి శుభమైన మాటలే పేర్లు.

"ఏం తాతా, చదవడం నేర్చుకుంటున్నావా?"

"రంగు పోలేదే అని చూస్తున్నా బాబూ. మీ నాన్న..."

"మా నాన్న పోయి నలభై రోజులైంది. ఊరికే చేసిపెడతానన్నాడు, మాటిచ్చాడు అంటూ వచ్చినవాళ్ళు నీతో కలిపి తొమ్మిదిమంది. పనుంది, అడ్డం లే."

ముసలాయన గుమ్మంలోంచి తప్పుకున్నాడు. పక్కనున్న పాత టైరు మీద కూర్చుని పొట్లం ఒళ్ళో పెట్టుకున్నాడు.

కున్‌హాన్ గేర్ల మూత విప్పాడు. కిందటి నెల ఆ గేర్లు బిగించింది తనే. క్యాంషాఫ్టు గేరు పాతది, దాని మీద గుర్తు అరిగిపోయింది. గుర్తు లేనప్పుడు గాడి దగ్గర్నుంచి పళ్ళు లెక్కపెట్టి, పదకొండోదాన్ని కింది గేరుతో కలపాలి.

"తప్పు నాదేమో నువ్వే చూడక్కా" అని ఒక్కో పన్ను మీదా వేలు పెడుతూ అరిచి లెక్కపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు, ఐదు, ఆరు..."

ఆ షెడ్డులో నాలుగనే మాట ఎవరూ అనరు. వాళ్ళ భాషలో నాలుగన్నా చావన్నా ఇంచుమించు ఒకటే పలుకు. లారీ కింద పడుకుని పనిచేసేవాళ్ళు చావుని నోటితో పిలవరు.

"...పది, పదకొండు. సరిగ్గా ఉందా?"

బీలియన్ తలూపింది. ఆవిడా ఆ ఊరిదే.

"మధ్యలో దెబ్బ ఏది?" అన్నాడు ముసలాయన.

"ఏంటీ?"

"మూడు తర్వాత, దెబ్బ ఏది బాబూ?"

"దెబ్బ కావాలా? రా, ఇస్తాను." కున్‌హాన్ స్పానరు పట్టుకుని లేచాడు. "బోర్డు మీద పేరు చూశావుగా. అది నలభై ఏళ్ళ పేరు. దారిన పోయేవాళ్ళొచ్చి నాకు పని నేర్పితే ఆ పేరేం కావాలి?"

ముసలాయన మరోసారి బోర్డు వైపు చూశాడు.

"నిజమే. ఏం కావాలి ఆ పేరు" అని మెల్లగా లేచి వెళ్ళిపోయాడు. పొట్లం టైరు మీదే ఉండిపోయింది.

"పెద్దాయన్ని అంత మాట అనాలా?" అంది బీలియన్.

"నీ బండి సంగతి చూసుకో అక్కా."

మూత బిగించి స్టార్టు చేశాడు. ఇంజను చాలాసేపు మూలిగి లేచింది. ఎర్రలైటు వెలిగింది, తెల్లపొగ వచ్చింది.

కున్‌హాన్ స్పానరుని విసిరికొట్టాడు. అది ఇనపబల్లకి తగిలి టంగుమంది.

ఆ చప్పుడు తనకి తెలుసు. నాన్న లెక్క అలాగే ఉండేది. ఒకటి, రెండు, మూడు, టంగ్, ఐదు. నాలుగో పన్ను మీద నోటితో కాకుండా స్పానరుతో పలికేవాడు. ఆ మోత ముసలివాళ్ళ చాదస్తమని కున్‌హాన్ మానేశాడు. దెబ్బతోపాటు పన్ను కూడా మానేశానని ఇప్పుడు తెలిసింది.

మూత విప్పి, దెబ్బ వేస్తూ లెక్కపెట్టాడు. పదకొండు పక్క పన్ను మీదికి వచ్చింది. ఒక్క పన్ను తేడాకి నెల రోజులు ఊళ్ళోవాళ్ళందర్నీ తిట్టాడు.

గేరు జరిపి బిగించాక ఇంజను తాళం తిప్పగానే లేచింది. లైటు వెలగలేదు. పొగ లేదు. బీలియన్ ఐదుకి పావుగంట ముందు రేవుకి బయల్దేరింది.

లోపల్నుంచి తల్లి వచ్చింది.

"ఆ దెబ్బ విని మీ నాన్నే అనుకున్నాన్రా."

"ఎవరో ముసలాడు వచ్చి, దెబ్బ ఏదని అడిగాడమ్మా."

ఆవిడ టైరు మీది పొట్లం తీసి విప్పింది. లోపల అగరొత్తులు. చుట్టిన పేపరు పెంఘూ దీవిది.

"ఎక్కడున్నాడాయన?"

కున్‌హాన్ నేల చూశాడు. "వెళ్ళగొట్టాను."

"పెంఘూ పడవ ఈపాటికి వెళ్ళిపోయి ఉంటుంది. మీ నాన్న పటానికి దండం పెట్టుకోవడానికి సముద్రం దాటి వచ్చినవాణ్ణి ఒక అగరొత్తి కూడా వెలిగించనివ్వలేదన్నమాట. నీ నోరు పడిపోను."

"ఎవరమ్మా ఆయన?"

"మీ నాన్న చేత మొదటి స్పానరు పట్టించినవాడు. చేతులు వణకడం మొదలయ్యాక ఈ షెడ్డు శిష్యుడికి వదిలేసి తన దీవికి పోయినవాడు. గురువుగారనడమే కానీ, మీ నాన్న ఆయన్ని పేరు పెట్టి అనగా నేనెప్పుడూ వినలేదు."

"ఆయన పేరేంటి?"

తల్లి చెయ్యెత్తి బోర్డు చూపించింది.