రెక్కల ఏనుగు

పెరట్లో మునగకొమ్మకీ ప్రహరీ గోడకీ మధ్య నూలమ్మ అనే సాలీడు గూడు అల్లింది. మిగతా సాలీళ్ళంతా ఎప్పుడూ అల్లే చక్రాలే అల్లుకుంటే, ఈవిడ మాత్రం దారాలతో రెక్కల ఏనుగు బొమ్మ తీర్చింది. మూడు రోజులుగా తిండి లేదు. అయినా ఆకలికంటే ఎక్కువగా ఆమెను తినేస్తున్నది ఒకటే బెంగ, చూసినవాళ్ళు ఏమంటారోనని.

పొద్దెక్కింది. దారాల మీది జిగురు చుక్కలు ఎండకి ఏడు రంగుల్లో మెరిశాయి. ఎదురుగా గోడ మీద ఒక ఈగ, ఒక తూనీగ వాలాయి.

"ఊహ బ్రహ్మాండం వదినా," అంది ఈగ, కాళ్ళు రుద్దుకుంటూ. "ఆ రంగులే మరీ కళ్ళలో పొడుస్తున్నాయి."

నూలమ్మకి ప్రాణం ఉసూరుమంది. గబగబా పాకి, జిగురు చుక్కలన్నీ ఒక్కొక్కటే తుడిచేసింది.

"ఇప్పుడు నయం," అంది తూనీగ. "కానీ పొట్ట దగ్గర దారాలు కిక్కిరిసిపోయాయి. అంత బరువు ఏనుగు ఎగురుతుందంటే ఎవరు నమ్ముతారు? మధ్యలో కాస్త ఖాళీ వదులు."

నిజమే కదా అనిపించింది. నడిమి దారాలు కొరికేసింది.

"ఇంకొంచెం," అన్నాయి రెండూ. ఇంకొంచెం కొరికింది.

ఈగ ఎగిరి ఆ కంతలోంచి అవతలికి పోయింది. దాని వెనకే తూనీగ, రెక్క అంచు కూడా తగలకుండా దాటేసింది.

నూలమ్మ ఆదుర్దాగా అటు తిరిగింది.

"అటువైపు నుంచి ఎలా ఉందో చెప్పి వెళ్ళండి," అంది.