ఎరిక్ పొదిగిన గుడ్లు

ఎరిక్ ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. "అక్సా, గుడ్లు తిప్పావా?"

"తిప్పానండీ."

"గిన్నెలో నీళ్ళు?"

"పోశాను."

గుడ్లంటే కోడిగుడ్లు కావు, కౌజుపిట్టలవి. దాద్రీ దగ్గర ఫారంలో డజను కొన్నాడు. "పక్కా నికలేంగే సాబ్" అని, పిల్లలు తప్పక వస్తాయని ఫారం అతను భరోసా ఇచ్చాడు. ఇంటర్నెట్‌లో చూసి థర్మాకోల్ పెట్టెకు బల్బు బిగించాడు. మూలన నీళ్ళ గిన్నె, పక్కన థర్మామీటరు. గ్రేటర్ నోయిడా జనవరి చలిలో పెళ్ళానికి కొనని హీటరు గుడ్లకు దొరికింది.

ఇక ఇంట్లో వేరే మాట లేదు. లేవగానే మొహమైనా కడుక్కోకుండా పెట్టె ముందు కూర్చునేవాడు. ఆర్కుట్‌లో దాని ఫోటో పెట్టాడు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కాస్తా పొదుగుడు కోడి అయిపోయాడు.

అక్సాకు ఒళ్ళు మండిపోయేది. మండదూ మరి? కిందటి వర్షాకాలం, ఐదో నెల కడుపుతో రక్తం కనబడి ఆమె ఫోన్ చేస్తే, ఇదే మహానుభావుడు, "రిలీజ్ ఉంది, కదల్లేను. ఆటోలో వెళ్ళిపో" అన్నాడు. ఒక్కతే వెళ్ళింది. బిడ్డను పోగొట్టుకుని ఒక్కతే తిరిగొచ్చింది. అన్నం కలుపుకుంటూ, "ఇంకా పుట్టని బిడ్డకి ఇంత ఏడుపేంటి?" అన్నాడు. ఆ మాట ఆమె మరిచిపోలేదు. మరిచిపోవాలని అనుకోనూ లేదు.

ఆదివారం సరళకుమారి ఆంటీ ఇంట్లో ప్రార్థన కూడిక జరిగింది. మనవులుంటే చెప్పమన్నారు పాస్టరుగారు. ఒకరు జ్వరమన్నారు, ఒకరు ఉద్యోగమన్నారు. ఎరిక్ లేచి, "మా గుడ్లు క్షేమంగా పిల్లలవ్వాలని ప్రార్థన చేయండి" అన్నాడు. అందరూ నవ్వారు, అతను తప్ప. పెళ్ళాం కడుపులో బిడ్డ ఉన్నన్నాళ్ళూ అతను అక్కడ ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. అక్సా కళ్ళు మూసుకుని అందరికంటే గట్టిగా ఆమేన్ అంది.

బుధవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందని, సాయంత్రం దాకా రాదని చౌకీదారు కింది నుంచి కేకేశాడు. ఇంట్లో అక్సా ఒక్కతే ఉంది. పెట్టెలో బల్బు ఆరిపోయింది. బయట పొగమంచు ఇంకా విడలేదు. ఆమె ఏమీ చేయకుండా కూర్చుంటే చాలు.

కూర్చుంది కూడా. చాలాసేపు పెట్టె వైపే చూసింది. "మీకూ తెలియాలి" అంది, ఆఫీసులో ఉన్న మొగుణ్ణి తలుచుకుని.

తర్వాత లేచింది. నీళ్ళు కాచి సీసాల్లో పోసి, గుడ్డలు చుట్టి పెట్టెలో సర్దింది. తను కప్పుకునే రజాయి తెచ్చి పెట్టె మీద కప్పింది. అప్పుడు ఎరిక్‌కి ఫోన్ చేసింది.

మేనేజరుకు కూడా చెప్పకుండా ఆటో పట్టుకుని వచ్చేశాడు ఎరిక్. రజాయి ఎత్తి థర్మామీటరు చూశాడు. అక్కడే కూలబడ్డాడు. "వేడి తగ్గలేదు. నువ్వు లేకపోతే చచ్చిపోయేవి అక్సా."

"ఎందుకు పోనిస్తానండీ? చివరి దాకా చూడొద్దూ."

పిల్లలు రావాల్సిన రోజు ఎరిక్ సెలవు పెట్టాడు. వాటి కోసం మెత్తటి నూకలు సిద్ధం చేశాడు. అవి రాలేదు. మర్నాడూ రాలేదు. ఒక్కో గుడ్డునూ చెవికి ఆనించుకుని విన్నాడు.

"కొన్ని ఆలస్యంగా వస్తాయట, ఇంకా చూద్దాం" అని అక్సాయే ధైర్యం చెప్పింది. ఆ వారమంతా చెబుతూనే ఉంది.

ఆదివారం ఎరిక్ చర్చికి రానన్నాడు. పెట్టె ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "అన్నీ సరిగ్గానే చేశాను కదా. నేను చేసిన తప్పేంటి?"

అక్సా పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఇన్నాళ్ళ కడుపుమంట కొంచెం తగ్గింది.

గుడ్లు ఇంటికొచ్చిన సాయంత్రం, ఎరిక్ బల్బు కొనడానికి బజారుకెళ్ళినప్పుడే, అక్సా ఆ డజను గుడ్లనీ గట్టిగా ఉడకబెట్టి, తడి తుడిచి, మళ్ళీ ట్రేలో సర్దేసింది.