దాచుకున్న కాళ్లు

కరీంనగర్‌లో ఎముకల డాక్టర్ గది ముందు, ఎదురు బల్ల మీది ముసలామె తన కాళ్లనే చూస్తోందని వినోద గమనించింది.

ముసలామె నొసట బొట్టు లేదు. కాళ్లకు మట్టెలు లేవు.

'నా మట్టెలు చూసి కుళ్లుకుంటోంది' అనుకుంది వినోద.

కుళ్లు సంగతి వినోదకు బాగా తెలుసు. తనకున్నట్టే తోడికోడలు మంజులకూ బొటనవేలి పక్కన ఎముక గడ్డలా పొడుచుకొచ్చింది. మంజుల ఆపరేషన్ చేయించుకుంది. ఇప్పుడు సన్న పట్టీల చెప్పులేసుకుని టకటకా నడుస్తోంది.

ఆ నడక చూసిన రోజు నుంచి వినోదకు అన్నం సహించడం లేదు.

"బాగ నొస్తదా బిడ్డా?" అడిగింది ముసలామె.

"పొద్దంత చీరల దుకాణంల నిలబడితె నొయ్యదా? ఆపరేషన్ చేయించుకుంట."

"మరి రెండు మూడు నెల్లు నిలబడకుంటె సేటు ఊకుంటడా?"

అన్ని రోజులు మానేస్తే వేరే మనిషిని పెట్టుకుంటానని సేటు నిన్ననే అన్నాడు. హుజూరాబాద్‌లో ఆ కొలువు పోతే మళ్లీ దొరకదు.

"మా యారాలు మంజుల చేయించుకోలేదా?"

"ఆమె గూడ దుకాణంల నిలబడతదా?"

"లే. ఇంట్లనే ఉంటది."

"మరి ఆమెతోని నీకేం పోటీ? జర కాలు ముంగటికి సాపు."

ముసలామె వంగి, కళ్లు చికిలించి చూసింది.

వినోద చటుక్కున కాళ్లు వెనక్కి లాక్కుని చీర కుచ్చిళ్లు కప్పింది.

"ఏంది ముసలవ్వా, గట్ల గుచ్చి గుచ్చి చూస్తున్నవ్? నీకు లేవని నా మట్టెల మీద ఏడుస్తున్నవా?"

పక్క బల్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు.

ముసలామె సంచి భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది.

కాసేపటికి వినోదను లోపలికి పిలిచారు.

డాక్టర్ ఎక్స్‌రే పక్కన పెట్టాడు.

"పోయినసారి మీరు ఆపరేషనే కావాలన్నరు గదా. ఇప్పుడే వద్దమ్మా. వేలికి ఒత్తుడు తగలకుండ వెడల్పు చెప్పులు కుట్టిద్దాం. నొప్పి తగ్గొచ్చు, కొలువు గూడ పోదు. తగ్గకుంటె అప్పుడు కోత సంగతి."

"అసొంటి చెప్పులు యాడ దొరుకుతయ్ సార్?"

"దుకాణాల్ల దొరకయి. మంథని కమలవ్వ కుడుతది. కళ్లు మసకలొస్తున్నయని ఇయ్యాల్టితోని పని బందు పెడుతున్నది. ఆఖరుకు మీ జత ఒక్కటి కుట్టుమని బతిమాలి పిలిపించిన."

డాక్టర్ తలుపు వైపు చూశాడు.

"బయటనే కూసున్నది చూడుండ్రి, ఎవరి కాలూ ముట్టదు, కొలత అంతా కంటితోనే తీసుకుంటది."