వెనక్కి చూసే సీటు

జలాశయం ఒడ్డున బోటు నడిపే దాదా మొదటి నిబంధన చెప్పాడు. "ఒకరు వెనక్కి తిరిగి కూర్చుని, తాడు పట్టుకున్న మనిషినే చూస్తుండాలి. ఆ కూర్చున్నాయన సరేనంటేనే ఇంజన్."

ఆమోసు నవ్వాడు. ఖరగ్‌పూర్ రైళ్ల చివరి పెట్టెలో గార్డుగా ముప్పై రెండేళ్లు ఆయన చేసిన పని అదే.

నీళ్లలో ఆయన భార్య స్వర్ణకుమారి. కాళ్లకు నీళ్ల మీద జారే పలకలు, ఒంటికి లైఫ్ జాకెట్, చేతిలో బోటుకు కట్టిన తాడు. రిటైరయ్యాక ఏం కావాలని అడిగితే ఆవిడ కోరింది ఈ పిచ్చి ఆటే.

"సేతికి తాడు సుట్టీసినావు, ఇప్పు," అన్నాడు ఆమోసు.

"జారిపోదా?"

"జారితే ఒగ్గీ. సుట్టుకుంటే సెయ్యి పోద్ది."

ఆవిడ విప్పేదాకా, ఖరిదా పేటలోని ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చజెండా ఆయన ఊపలేదు.

రెండుసార్లు పడింది. రెండుసార్లూ ఎర్రజెండా చూపి బోటు ఆపించాడు. మూడోసారి జలాశయమంతా చుట్టి వచ్చింది.

"అరవయ్యేళ్లకి ఏటీ సరదా?" తువ్వాలు అందిస్తూ అడిగాడు.

"ఇన్నేళ్లూ ప్లాట్‌ఫారం మీద నిలబడి, మీరు సిన్న సుక్కైపోడం సూసినాను," అంది ఆవిడ జుట్టు పిండుకుంటూ. "ఈయాల బండి ఎంత జోరుగా ఎల్లినా, మీరు సిన్నైపోకుండా అంతే కనబడినారు."

మడత పెట్టిన పచ్చజెండాను ఇంకో చుట్టు కోసం ఆమోసు మళ్లీ విప్పాడు.